సవరణ: తొలిమెట్టు ఏ తరగతుల వరకు?

వరంగల్, హన్మకొండ సర్కారు బడుల్లో చదవడం నేర్పడం గురించి మొన్న పెట్టిన పోస్టులో 'తొలిమెట్టు 1 నుంచి 3 తరగతులకే' అని ఉంది. దాన్ని 1 నుంచి 5 అని చదువుకోండి. పిల్లలకు చదవడం, రాయడం, మామూలు లెక్కలు నేర్పేందుకు తెలంగాణలో 2022లో మొదలైన ఈ కార్యక్రమం ప్రాథమిక తరగతులన్నిటికీ వర్తిస్తుంది. 3వ తరగతి అనేది 2021లో కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం: 2026-27 కల్లా ఆ తరగతి ముగిసేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలి, మామూలు లెక్కలు చేయాలి.

ఈ తేడా చిన్నదేం కాదు. అక్షరాలన్నీ గుర్తుపట్టినా గుణింతాల దగ్గర తడబడే, ఒత్తు కనిపిస్తే ఆగిపోయే పిల్లలు 4, 5 తరగతుల్లోనూ ఉంటారు. (వర్ణమాల గడగడా అప్పజెప్తే చదువొచ్చినట్టేనని మురిసిపోతాం!) వాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకుని చదివించమని సార్లను, టీచరమ్మలను అడగొచ్చు. పోస్టులో మిగతాదంతా అలాగే ఉంచాను.