అత్తగారి డైలాగూ, నా ఆత్మజ్ఞానమూ

మొన్న ఆదివారం చెన్నైలో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఒక రిసార్టులో జరిగిన ‘మీలోని సృజనను మేల్కొలపండి’ వర్క్‌షాపుకి ఫ్రెండ్ లాక్కెళ్లాడు. ఫీజు తొమ్మిది వేలు, భోజనంతో కలిపి. (భోజనం బాగుంది, అబద్ధమెందుకు.) తెల్ల కుర్తా ఆయన మైకులో చెప్పిందంతా పిండితే ఇంతే: రోజూ ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుంటే మూలన పడ్డ నవల ఆరు నెలల్లో పూర్తవుతుంది. అలాంటి నవల ఉన్నవాళ్లు చెయ్యెత్తమన్నాడు. సిగ్గులేకుండా నేనూ ఎత్తాను. ఇంటికొచ్చాక ఒళ్లు మండింది. అందుకే ఈ పోస్టు, కాస్త పొడుగే.

నాది సూళ్లూరుపేట. పద్నాలుగేళ్లుగా చెన్నై సాలిగ్రామంలో ఉంటూ తమిళ సీరియళ్లకీ సినిమాలకీ తెలుగు డబ్బింగ్ మాటలు రాస్తున్నాను. తెలుగు సినిమా మూటాముల్లె సర్దుకుని హైదరాబాద్ వెళ్లిపోయినా మాలాంటి వాళ్లం కొందరం ఇక్కడే మిగిలాం. తెర మీద పెదాలు ఎక్కడ మూసుకుంటే అక్కడ ప, బ, మ పడాలి. అదీ పని. తమిళంలో ‘వేండాం’ అంటే మన ‘వద్దు’. గట్టిగా పలికితే ‘వేండాం’ చివర పెదాలు మూసుకుంటాయి, ‘వద్దు’ చివర తెరుచుకునే ఉంటాయి. ‘వద్దన్నాం’ అని రాస్తే చక్కగా అతుకుతుంది. కానీ ఒంటరిగా నిలబడ్డ హీరో ‘వద్దన్నాం’ అంటే వాడి వెనక ఇంకెవరున్నారా అని జనం వెతుకుతారు. ఈ ఒక్క మాట దగ్గర అరగంట కూర్చున్న రోజులున్నాయి.

ఊళ్లో పెళ్లికి వెళ్తే మాత్రం బాబాయ్ ప్రతిసారీ అదే అడుగుతాడు. "డబ్బింగ్ సరేరా, సొంతంగా ఏమైనా రాస్తున్నావా?" ఆ ‘సొంతంగా’ అన్న మాట పదేళ్లు నన్ను నిద్రపోనివ్వలేదు. దాని కోసమే పోయినేడాది విపశ్యన ధ్యానం పదిరోజుల శిబిరానికి వెళ్లాను. శాంతి కోసం అని ఇంట్లో చెప్పాను గానీ, నిజానికి వెళ్లింది నవల కోసం.

తెల్లవారుజామున నాలుగింటికి గంట. మాట్లాడకూడదు. ఫోన్, పుస్తకం, పెన్ను అన్నీ మొదటిరోజే అప్పగించాలి. మూడు రోజులు శ్వాసే, నాలుగో రోజు అసలు పద్ధతి నేర్పుతారు. ఫీజు లేదు, అంతకు ముందు చేసినవాళ్లు ఇచ్చిన విరాళాలతో నడుస్తుంది. నాకు మోకాళ్లు పోయాయి, అది పక్కన పెట్టండి. ఐదో రోజు సాయంత్రం, చీకటి పడే వేళ, ఒక వాక్యం వచ్చింది. వచ్చింది అనే అనాలి, నేను రాయలేదు. ‘ఇల్లంతా నాదే అనుకున్నాను, గడప కూడా నాది కాదని ఇవాళ తెలిసింది.’ నా ఒళ్లు జల్లుమంది. ఇల్లంటే దేహం, గడపంటే శ్వాస అని అర్థం కూడా నాకు నేనే చెప్పుకున్నాను. సంచి అడుగున చిన్న పెన్సిల్ ముక్క ఉంటే దొంగతనంగా బాత్రూంలోకి వెళ్లి సబ్బు అట్ట లోపలివైపు రాసుకున్నాను. మిగతా ఐదు రోజులూ ధ్యానం ఎవరు చేశారు! నేను ఆ అట్టనే కాపలా కాశాను.

తిరిగొచ్చాక స్టూడియోలో మా డబ్బింగ్ అక్కకి చూపించాను. అత్తగారి పాత్రలన్నీ ఆవిడే చెబుతుంది. అట్టని అటూ ఇటూ తిప్పి చదివి, "ఇది నాతో చెప్పించావు కదరా అబ్బాయ్! కొడుకు ఇల్లు కోడలి పేరున రాసేసే సీనులో. ఏడుపు చాలలేదని మూడు టేకులు తీసుకున్నావు" అంది. సౌండ్ ఇంజనీర్ తంబి పాత ఫైలు తీసి వినిపించాడు. అక్షరం తేడా లేదు. ఆ వేళ ముగ్గురం కడుపుబ్బా నవ్వాం. రాత్రి ఇంటికెళ్లాక మాత్రం నాకు నవ్వు రాలేదు.

తర్వాత, ఈ విపశ్యన శిబిరాలు నడిపించిన గోయెంకా గారి కథ గుర్తుకొచ్చింది. 1955లో బర్మాలో ఆయన పెద్ద వ్యాపారి, మైగ్రేన్ తలనొప్పి భరించలేక ధ్యానం నేర్పే ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్లారు. ఒక్క తలనొప్పి తగ్గించుకోవడానికే అయితే నేర్పనన్నారట ఆ గురువు, విద్య విలువ దిగజార్చినట్టవుతుందని. తర్వాత ఉద్దేశం మార్చుకుని కూర్చున్న ఆ శిష్యుడే 1969లో మన దేశానికొచ్చి నేర్పడం మొదలుపెట్టారు. ఆ తలనొప్పి స్థానంలో నా నవల పెట్టి చూడండి. నన్ను గేటు దగ్గరే ఆపాల్సింది.

అందుకే ఈ రిసార్టు గురువులంటే నాకు మంట. మన మదనపల్లె పిల్లాడు జిడ్డు కృష్ణమూర్తి 1909లో ఇక్కడే అడయారు బీచిలో థియోసాఫికల్ సొసైటీ అనే ఆధ్యాత్మిక సంఘం వాళ్ల కంటపడ్డాడు. జగద్గురువుని చేద్దామని తన కోసం కట్టిన సంస్థని 1929లో తనే రద్దు చేసేశాడు. సత్యానికి వేసిన దారి అంటూ ఏదీ లేదన్నాడు. ఆ బీచికి అంత దగ్గర్లో కూర్చుని ఆరు నెలల ప్యాకేజీ అమ్ముతున్నారు! అది నవ్వుకుని వదిలేసే సంగతి. వదలలేనిది ఇంకోటుంది. మధ్యాహ్నం సెషన్‌లో ఒక అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. "బ్లాక్ కరుగుతోంది, ఏడవనివ్వండి" అని ఆయన చప్పట్లు కొట్టించాడు. విపశ్యన ఫారంలో మానసిక సమస్యలేమైనా ఉన్నాయా, మందులు వాడుతున్నారా అని ముందే అడుగుతారు. గంటలకొద్దీ లోపలికి చూడటం అందరికీ పడదు కాబట్టే అడుగుతారు. ఇక్కడ అడిగిందల్లా జీఎస్టీ బిల్లు ఎవరి పేరున కావాలని. ఆ పిల్లకి మంచినీళ్లిచ్చింది క్యాంటీన్ ఆవిడ.

ఇంక ఆ ‘నిన్ను నువ్వు ప్రేమించుకో’ రీల్స్ ఉన్నాయే, వాటి జోలికి పోను. నా బ్యాచ్‌మేట్ ఒకడికి స్ట్రెయిట్ సినిమా (అంటే డబ్బింగ్ కాదు, నేరుగా తెలుగులో తీసేది) వచ్చింది, టైటిల్స్‌లో పేరు పడింది. శిబిరంలో ఎనిమిదో రోజు ఒక గంటసేపు నాకు వాడి మీద అసూయ తప్ప ఇంకేమీ కనిపించలేదు. దాన్ని ఎలా ప్రేమించను? ఇప్పటికీ ఉంది. తేడా ఏమన్నా ఉంటే, వాడు స్క్రిప్ట్ పంపితే ఇదివరకు మొదటి పేజీలోనే తప్పు పట్టుకుని మూసేసేవాణ్ణి. ఇప్పుడు తిట్టుకుంటూనే చివరిదాకా చదువుతున్నాను. పోయినసారిది బాగుంది కూడా. ఫోన్ చేసి చెప్పాను, గొంతు కాస్త పట్టేసింది.

రోజూ పొద్దున ఇరవై నిమిషాలు ఇప్పటికీ కూర్చుంటాను. నవల ఒక్క పేజీ కదల్లేదు. సబ్బు అట్ట డెస్క్ మీద, మానిటర్ కింద పెట్టుకున్నాను. వాక్యం మంచిదే, ఎవరు చెప్పినా.

రేపు తొమ్మిదింటికి రికార్డింగ్. ఈ ఎపిసోడ్‌లో ‘వేండాం’ పదకొండు సార్లుంది, అందులో నాలుగు క్లోజప్‌లు. కామెంట్లు రాత్రికి చూస్తాను.