రోగికి దక్కేది రెండు నిమిషాలేనా?

కొత్త భవనాలు, మెడికల్ సీట్లు, ఆరోగ్యశ్రీ ఖర్చు. ప్రభుత్వాలు ఇన్ని లెక్కలు చెబుతాయి కానీ డాక్టరు రోగితో ఎంతసేపు మాట్లాడాడన్న లెక్క మాత్రం చెప్పవు. 67 దేశాల సమాచారంతో 2017లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ఆ లెక్క తీసింది. ప్రాథమిక వైద్యంలో ఒక్కో రోగికి స్వీడన్‌లో 22 నిమిషాలకు పైగా దొరుకుతుంటే, మన దేశంలో దొరికేది సుమారు 2 నిమిషాలు.

ఆ 2 నిమిషాల్లో ఏం జరుగుతుందో ఓపీ గది గుమ్మంలో నిలబడితే తెలుస్తుంది. పెద్దావిడ మోకాళ్ల నొప్పులంటుంది, మాత్రలు రాసేస్తారు. లేచి చెంగు సర్దుకుంటూ, "ఇంకోటి బాబూ, నాలుగు రోజుల్నించీ మెట్లెక్కితే గుండె పట్టేసినట్టుంటోంది" అంటుంది. అప్పటికే తర్వాతి చీటీ బల్ల మీదకొచ్చేస్తుంది. మనిషి భయపడే మాట ఎప్పుడూ ఆఖర్నే బయటికొస్తుంది. అందాకా కూర్చోనివ్వని వైద్యానికి అసలు జబ్బు దొరకదు.

డాక్టర్లు తక్కువ, జనం ఎక్కువ, ఏం చేస్తామంటారు. కొరత నిజమే, ఖాళీలు నింపాల్సిందే. మరి ఉన్నవాళ్ల సమయాన్ని ఎవరు తినేస్తున్నారు?

రోగితో గడిపే ప్రతి గంటకూ కంప్యూటరు, కాగితాల పనికి దాదాపు 2 గంటలు పోతున్నాయని 2016లో అమెరికా డాక్టర్ల మీద జరిగిన ఓ అధ్యయనం తేల్చింది. మన దగ్గర ఆ బరువు ఎక్కువగా ఊళ్లో గర్భిణులను, పిల్లలను చూసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం నెత్తిన పడింది. గర్భిణి బీపీ చూసి రిజిస్టర్‌లో రాయాలి, అదే అంకె మళ్లీ ట్యాబ్‌లో కొట్టాలి. టీకాలకో యాప్, బీపీ-షుగర్ సర్వేకింకోటి. సిగ్నల్ లేకపోతే ఆ పని రాత్రి ఇంట్లో. కాళ్లు వాస్తున్నాయా, కళ్లు మసకబారుతున్నాయా అని అడగాల్సిన నోరు ఆధార్ నంబరు అడుగుతోంది.

ఇది ఒక్క ఆరోగ్య శాఖకు పట్టిన జబ్బు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పంతుళ్ల చేత బడి మరుగుదొడ్ల ఫొటోలు తీయించి యాప్‌లో ఎక్కించారు. అంగన్‌వాడీ టీచర్‌కు పోషణ్ ట్రాకర్ అనే యాప్ ఉంది. పైవాళ్ల తెర మీద గడి నిండితే కింద పని జరిగిపోయినట్టే అనుకునే పాలన, మనుషులతో పనిచేయాల్సినవాళ్లందరినీ గుమాస్తాలుగా మార్చేస్తోంది.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎంట్రీల కోసమే ఒక మనిషిని పెట్టండి. ఒకే వివరం రెండోసారి అడిగే యాప్‌ను తీసేయండి. నెలవారీ సమీక్షలో ఎన్ని ఓపీలు చూశారని కాదు, ఒక్కొక్కరికి ఎంతసేపు ఇచ్చారని అడగండి. దానికి ఇంకో యాప్ అక్కర్లేదు. ఓపీ మొదలైన వేళ, ముగిసిన వేళ, మధ్యలో ఎన్ని చీటీలన్నది చాలు.