పాలస్తీనా ప్రజల ఓటు ఏమైందో కూడా అడుగుదాం

మన తెలుగువాళ్లలో పాలస్తీనా గురించి మాట్లాడేవాళ్లు రెండు జట్లు. ఒక జట్టు దృష్టిలో అక్కడ పుట్టిన ప్రతివాడూ హమాసే. రెండో జట్టు దృష్టిలో అక్కడి నాయకుల తప్పు ఒక్కటి ఎత్తినా ఇజ్రాయెల్‌కి వంతపాడినట్టే. తమని ఎవరు పాలించాలో ఆ ప్రజలని ఆఖరుసారి ఎప్పుడు అడిగారని మాత్రం ఈ రెండు జట్లలో ఎవరూ అడగరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

వాళ్ల పార్లమెంటు ఎన్నిక ఆఖరుసారి జరిగింది 2006 జనవరి 25న. ఆ రోజుకి 18 నిండబోతున్నవాళ్లు ఇప్పుడు ముప్పై ఐదు దాటి, పిల్లల తల్లిదండ్రులై కూడా తమ దేశాన్ని ఎవరు నడపాలో ఓటేసి చెప్పలేదు. మహమూద్ అబ్బాస్ 2005 జనవరిలో నాలుగేళ్ల పదవీకాలానికి అధ్యక్షుడిగా గెలిచాడు. ఆ గడువు 2009లో తీరిపోయింది. ఆయన మాత్రం కుర్చీ దిగలేదు.

"2006లో ఓటిస్తే హమాస్‌ని గెలిపించారు కదా, మళ్లీ ఎందుకు?" అనేవాళ్లు ఆ లెక్క ఒకసారి చూడండి. 132 సీట్లలో హమాస్‌కి 74, అబ్బాస్ పార్టీ ఫతాకి 45. ఓట్లలో తేడా మాత్రం సుమారు మూడు శాతమే. సగం సీట్లు, పార్టీకి పడ్డ ఓట్ల నిష్పత్తిలో పంచేవి, పార్టీ జాబితాల మీద, సగం నియోజకవర్గాల మీద. జాబితాల్లో హమాస్‌కి 29, ఫతాకి 28 వచ్చాయి. నియోజకవర్గాల్లో ఫతా మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడి ఓట్లు చీల్చుకుంటే, హమాస్ కట్టుగా నిలబడి 45 పట్టుకుపోయింది. రెబెల్స్ నిలబడి సొంత పార్టీని ముంచడం మనకి తెలియని సంగతి కాదు. దానికితోడు ఫతా నాయకుల అవినీతి మీద జనానికి ఏళ్ల తరబడి పేరుకున్న కోపం. ఆ రోజు ఓటేసిన వాళ్లందరినీ ఉగ్రవాదులుగా లెక్కగట్టడం అన్యాయం.

ఆ తర్వాత జరిగిందాంట్లో హమాస్ తప్పు పెద్దది. ఇజ్రాయెల్‌ని గుర్తించండి, హింస మానండి, పాత ఒప్పందాలకి కట్టుబడండి అని అమెరికా, రష్యా, యూరప్, ఐక్యరాజ్యసమితి కలిసి అడిగాయి. హమాస్ ఒప్పుకోలేదు, పాశ్చాత్య దేశాల సాయం ఆగింది. 2007 జూన్‌లో హమాస్ గాజాని తుపాకులతో పట్టుకుని, ఫతా మనుషుల్ని మేడల మీద నుంచి తోసింది. అప్పట్నించీ గాజాలో హమాస్, వెస్ట్ బ్యాంక్‌లో అబ్బాస్. ఇద్దరూ ఓటరు మొహం చూడాల్సిన పని లేనివాళ్లే.

2021లో ఒక అవకాశం వచ్చింది. మే 22న పార్లమెంటుకి, జులై 31న అధ్యక్ష పదవికి ఎన్నికలని అబ్బాసే ఉత్తర్వు ఇచ్చాడు. 36 జాబితాలు నమోదయ్యాయి. ఓటు హక్కున్న వాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది పైగా పేర్లు రాయించుకున్నారు. అంత ఆశ. ఏప్రిల్ చివర్లో వాయిదా వేసేశాడు. తూర్పు జెరూసలేంలో ఓటింగ్‌కి ఇజ్రాయెల్ ఒప్పుకోవడం లేదన్నది కారణం. ఒప్పుకోకపోవడం ఇజ్రాయెల్ తప్పే. 1996లో, 2005లో, 2006లో అక్కడి పోస్టాఫీసుల్లో ఓటేయనిచ్చిన వాళ్లే ఈసారి జవాబివ్వలేదు. కానీ ఆ సమయానికి ఇజ్రాయెల్ జైల్లో ఉన్న ఫతా నాయకుడు మర్వాన్ బర్ఘూతీ, అరాఫత్ మేనల్లుడు నాసర్ అల్-కుద్వా కలిసి ఫతాకి పోటీగా వేరే జాబితా పెట్టారు. అబ్బాస్‌కి ఓటమి కనిపించిందనే నా నమ్మకం.

రెండు నెలలు తిరక్కుండానే, జూన్ 24న, హెబ్రాన్‌లో నిజార్ బనాత్ చనిపోయాడు. అబ్బాస్ నడిపే ప్రభుత్వం, అంటే పాలస్తీనా అథారిటీ, అవినీతి మీద వీడియోలు పెట్టేవాడు, ఆ ఆగిన ఎన్నికల్లో అభ్యర్థి కూడా. తెల్లవారకముందే ఇంట్లోకి చొరబడి కొట్టి పట్టుకెళ్లింది ఇజ్రాయెల్ సైన్యం కాదు, సొంత అథారిటీ బలగాలు. రమల్లాలో నిరసనకి దిగిన వాళ్లనీ కొట్టారు.

ఇక విద్వేషం సంగతి. 1978లో ఇజ్రాయెల్ తీరప్రాంత రహదారి మీద పాలస్తీనా సాయుధులు బస్సు హైజాక్ చేసి 38 మందిని చంపారు. అందులో 13 మంది పిల్లలు. ఆ దాడి నడిపిన దలాల్ ముఘ్రబీ పేరు అల్-బిరేలో ఒక కూడలికి ఉంది. బుర్కా ఊళ్లో మహిళా కేంద్రానికి ఆమె పేరు పెడితే 2017లో నార్వే తన డబ్బు వెనక్కి ఇమ్మంది. హమాస్ టీవీ 2007లో మిక్కీ మౌస్ లాంటి వేషంతో పసిపిల్లలకి జిహాద్ నూరిపోసింది. హిట్లర్ యూదులతో పోరాడింది వాళ్ల మతం వల్ల కాదు, వడ్డీ వ్యాపారం వల్లనని అబ్బాస్ 2023లో ఫతా సభలో అన్నాడు. ఇది నీచం. అలా అనొద్దని బహిరంగ లేఖ రాసి ఖండించినవాళ్లలో పాలస్తీనా మేధావులే ఎక్కువ. ఆ లేఖ మన దగ్గర ఎవరికి పట్టింది?

ఇదంతా వాళ్ల రక్తంలోనే ఉందనే మాట నేను ఒప్పుకోను. నీళ్లు, ఉద్యోగాలు, చెక్‌పోస్టుల గురించి జనం నిలదీసినప్పుడు, జవాబు చెప్పాల్సిన అవసరం లేని నాయకుడు అమరవీరుల పేర్లు వల్లిస్తాడు. అతని చేతిలో మిగిలిన సరుకు అదొక్కటే.

ఎన్నికలుంటే విద్వేషం దానంతటదే పోతుందనీ అనడం లేదు. ఇజ్రాయెల్‌లో ఎన్నికలున్నాయి. 1994లో హెబ్రాన్ మసీదులో 29 మందిని కాల్చి చంపిన గోల్డ్‌స్టీన్ ఫొటోని ఏళ్లపాటు ఇంటి గోడకి పెట్టుకున్న బెన్ గ్వీర్, జాత్యహంకారాన్ని రెచ్చగొట్టినందుకు 2007లో దోషిగా తేలినవాడు, 2022 చివర్లో పోలీసు శాఖ మంత్రి అయ్యాడు. కానీ అతన్ని ఇజ్రాయెల్ ఓటరు దించగలడు. ఇజ్రాయెల్ సైన్యం కింద బతికే వెస్ట్ బ్యాంక్‌లోని నాబ్లుస్ మనిషికి అతని మీదా ఓటు లేదు, అబ్బాస్ మీదా లేదు.

గాజా జనం నోరెత్తలేదా? 2019 మార్చిలో "మాకు బతకాలనుంది" అంటూ వీధుల్లోకి వస్తే హమాస్ లాఠీలతో అణిచింది. 2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మందిని చంపి, 251 మందిని ఎత్తుకుపోయిన దాడికి ముందు హమాస్ ఆ గాజా జనంలో ఎవరినీ అడగలేదు. దానికి బదులనే పేరుతో ఇజ్రాయెల్ గాజాని నేలమట్టం చేసింది. ఆ బాంబుల మధ్యే 2025 మార్చిలో బెయిత్ లహియాలో "హమాస్ బయటికి పో" అని వందలమంది నడిచారు. అంతకంటే ధైర్యం ఏం కావాలి?

యుద్ధం ముగిసిన ఏడాదిలోగా ఎన్నికలు పెడతానని అబ్బాస్ 2025లో మాటిచ్చాడు. గాజాని సాంకేతిక నిపుణుల కమిటీ నడుపుతుందని అమెరికా ప్రణాళిక చెప్పింది. ఆ రెండింటినీ కలిపి పట్టుకుని ప్రపంచం అడగాల్సినవి ఉన్నాయి: పోలింగ్ తేదీ ఎప్పుడు, జెరూసలేం పోస్టాఫీసులు తెరుస్తారా, జైల్లో ఉన్నవాడి పేరు బ్యాలెట్ మీద ఉంటుందా, ఆయుధం పట్టుకునే పోటీ చేస్తానన్న పార్టీని ఎవరు ఆపుతారు, గెలిచింది నచ్చనివాడైతే 2006లో లాగా మళ్లీ సాయం ఆపేస్తారా. వీటికి జవాబులు రాసి ఇవ్వమని మన ప్రభుత్వం కూడా అడగాలి. 1988లోనే పాలస్తీనాని గుర్తించిన దేశం మనది, అడిగే హక్కు మనకుంది.