ఖాళీ చేస్తూ దూలం పీక్కుపోతే?

అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేస్తూ తన సామానుతో పాటు కప్పు దూలం కూడా పీక్కుపోతే ఎవరూ ఊరుకోరు. ఒక ప్రోగ్రామును అన్‌ఇన్‌స్టాల్ చేశాక, అంటే కంప్యూటరు నుంచి తీసేశాక, విండోస్ లేవకపోతే మాత్రం తప్పు వాడుకున్నవాడిదే అవుతోంది. 'మీరేదో నొక్కి ఉంటారు' అంటారు. ఈ నింద ఆ ప్రోగ్రాము తయారీదారు మోయాల్సిందని మా అభిప్రాయం.

1998 డిసెంబరులో అమెరికా గేముల సంస్థ బంగీ 'మిత్ 2'ను విడుదలకు సిద్ధం చేసింది. డబ్బాలు దుకాణాలకు బయల్దేరాక అసలు సంగతి బయటపడింది. గేము ఏ ఫోల్డరులో ఉంటే ఆ ఫోల్డరు మొత్తాన్నీ దాని అన్‌ఇన్‌స్టాలర్ చెరిపేస్తుంది. తనవేవో, పరాయివేవో చూసుకోదు. నేరుగా సీ డ్రైవ్‌లోనే పెట్టుకున్నవాడికి ఇక మిగిలేదేమీ లేదు. బంగీ సాకులు వెతకలేదు, సరుకంతా వెనక్కి రప్పించింది. దాదాపు 8 లక్షల డాలర్లు వదిలాయి. చిన్న సంస్థకు అది మామూలు దెబ్బ కాదు.

ఆ పాఠం మిగతావారికి ఎక్కలేదు. 2007లో 'ఈవ్ ఆన్‌లైన్' గేము తన పాత బూట్.ఐఎన్ఐ ఫైలును తీసేయబోయి, అదే పేరుతో ఉన్న విండోస్ ఎక్స్‌పీ ఫైలును చెరిపేసింది. అది లేక చాలామంది కంప్యూటర్లు మళ్లీ లేవలేదు. 2015లో లినక్స్ కంప్యూటరులో స్టీమ్ (గేములు కొని ఆడుకునే ప్రోగ్రాము) ఫోల్డరును వేరేచోటికి మార్చిన ఒకరికి సొంత ఫైళ్లన్నీ పోయాయి, తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కుతో సహా. ఫోల్డరు దొరక్క దాని పేరు ఖాళీగా మిగిలితే, తుడిచే ఆదేశం డిస్కు మొత్తానికీ వర్తించింది. స్టీమ్‌లో ఫైళ్లను తుడిచే ఆ లైను పైన 'భయంగా ఉంది' అనే అర్థం వచ్చేలా ప్రోగ్రామరే రాసుకున్నాడు! భయపడ్డవాడు ఫోల్డరు పేరు ఖాళీగా ఉందేమో చూసే పని మాత్రం చేయలేదు.

రోజూ జరిగే నష్టం ఇంత ఆర్భాటంగా ఉండదు. డీఎల్ఎల్ అంటే ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడు ఫైలు. అలాంటి ఒకదాన్ని నాలుగు ప్రోగ్రాములు పంచుకుంటాయి. ఎన్ని వాడుతున్నాయో, విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో లెక్క ఉంటుంది. ఆ లెక్క తప్పితే, ఒకటి పోతూ పోతూ మిగతా మూడింటి కూడు లాక్కుపోతుంది. సీడీలు రాసే కొన్ని ప్రోగ్రాములదింకో తీరు: ఫైళ్లు తీసుకెళ్లి, రిజిస్ట్రీలో డ్రైవ్‌తో కలిసి పనిచేసేవాటి జాబితా 'అప్పర్ ఫిల్టర్స్'లో తమ పేరు మాత్రం వదిలేసేవి. సీడీ డ్రైవ్ కనబడకుండా పోయేది. ఆ పేరు తీసేస్తే తిరిగొచ్చే డ్రైవ్ కోసం కొత్తది కొన్నవాళ్లెందరో!

మన వీధి చివరి కంప్యూటరు షాపులో వీటన్నిటికీ ఒకటే మందు: 'ఫార్మాట్ కొట్టాలండీ.' తొందరపడొద్దు. ముందు, అత్యవసరమైనవాటితోనే విండోస్ లేచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, సిస్టమ్ రిస్టోర్‌తో పాత తేదీకి వెనక్కి వెళ్లవచ్చేమో చూడాలి. దెబ్బతిన్న విండోస్ ఫైళ్లను 'ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ' ఆదేశం చాలావరకు సరిచేస్తుంది. రిస్టోర్ సదుపాయం కొన్ని కంప్యూటర్లలో ఆపేసి ఉంటుంది కాబట్టి, ఏదైనా తీసేసే ముందే చూసుకోవాలి. శుభ్రం చేస్తామని ఊరించే రిజిస్ట్రీ క్లీనర్ల జోలికి పోకపోవడమే మేలు. మైక్రోసాఫ్ట్ సొంత ఇన్‌స్టాలర్ క్లీనప్ పనిముట్టే ఇతర ప్రోగ్రాములను పాడుచేస్తోందని 2010లో ఉపసంహరించుకోవాల్సి వచ్చింది.

తయారీదారులను మేము అడిగేది ఎక్కువేం కాదు. అన్‌ఇన్‌స్టాలర్ ఏ ఫైళ్లు చెరపబోతోందో ముందే చూపాలి. తాను పెట్టని ఫైలును ముట్టకూడదు. డ్రైవ్ మొత్తాన్ని తుడవమనే ఆదేశం వస్తే అక్కడే ఆగిపోవాలి. ఆ చివరి తనిఖీ రాయడానికి ఒక ప్రోగ్రామరుకు ఒక పూట చాలు.