పుదీనా బిళ్ళ గారికి ఒక ఫిర్యాదు

గౌరవనీయులైన పుదీనా బిళ్ళ గారికి,

నమస్కారం. నేను పదేళ్ళుగా మిమ్మల్ని నమ్ముకున్నవాణ్ణి. నా చొక్కా జేబులో పెన్ను లేని రోజులున్నాయి గానీ మీరు లేని రోజు లేదు. ఇంత అనుబంధం ఉండి ఫిర్యాదు రాయాల్సి రావడం ఎంత బాధో మీరే ఊహించుకోండి. ఊహించుకోలేరు లెండి, మీ లోపల ఉన్నది ఒక రంధ్రమే.

జరిగింది చెబుతాను. నిన్న రాత్రి స్నేహితుడి వీడ్కోలు విందు. చివరి గ్లాసు కింద పెట్టేసరికి పన్నెండు. ఉదయం ఏడింటికి నేను క్రేన్ ఎక్కాలి. మధ్యలో ఏడు గంటలున్నాయి కదా అన్న ధైర్యంతో ఐదు గంటలు నిద్రపోయాను, చన్నీళ్ళతో స్నానం చేశాను, రెండు కప్పుల కాఫీ తాగాను. గేటు బయట చెట్టు చాటుకు వెళ్ళి మౌత్‌వాష్‌తో రెండుసార్లు పుక్కిలించాను. ఆ పైన మిమ్మల్ని, ఒకరు చాలరేమోనని ఇద్దరిని, నాలుక కింద పెట్టుకుని మహారాజులా గేటు దాటబోయాను.

గేటు దగ్గర కాపలా అతను నా నోటి వంక కూడా చూడలేదు. గాలి పీల్చాడంతే.

"బిళ్ళ ఉమ్మేయండి అన్నా" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆరు అడుగుల దూరానికి ఘుమఘుమలాడుతూ వచ్చినవాణ్ణి నేను. నేను తాగానని మొదట చాటింది మద్యం కాదు, మీరు. దీనికి సమాధానం చెప్పాలి.

తర్వాత అతను అరచేతిలో ఇమిడే నల్లటి పెట్టె తీసి, దానికి కొత్త తెల్ల గొట్టం బిగించి నా ముందు పెట్టాడు. "ఊదండి. ఆపొద్దు. ఇంకా... ఇంకా... ఇంకా..." బుగ్గలు ఖాళీ అయ్యాయి, ఛాతీ ఖాళీ అయింది, కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి, అప్పుడు గానీ పెట్టె కీచుమనలేదు. అంకె 118, అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో అన్ని మిల్లీగ్రాముల మద్యం.

"మౌత్‌వాష్ వాడారా?"

నేను నేల చూశాను.

"ఆ బెంచీ మీద పదిహేను నిమిషాలు కూర్చోండి. మంచినీళ్ళు కూడా ముట్టొద్దు."

నాకు సాక్ష్యం చెబుతాడని వెంట తెచ్చుకున్న మీ అన్నగారు ఎదురు తిరిగిన తీరు ఇది. మౌత్‌వాష్‌లలో చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుందట. పుక్కిలించిన తర్వాత అది కాసేపు నోటి తడిలోనే ఉండిపోతుంది. ఆ కాసేపట్లో ఊదితే ఊపిరితిత్తుల లెక్కకు నోటి లెక్క కూడా కలిసిపోతుంది. పావుగంట ఆగితే నోటి వాటా ఎగిరిపోతుంది, మిగిలేది అసలు బాకీ.

పావుగంట తర్వాత ఊదితే 47. మౌత్‌వాష్ పోయింది, మీరు పోయారు, నిన్నటి రాత్రి మాత్రం భద్రంగా ఉంది.

ఆ బెంచీ మీద నాకు జ్ఞానోదయమైంది. మీరు కూర్చునేది నాలుక మీద, సరుకు ఉన్నది రక్తంలో. కడుపు నుంచి, అంతకంటే ఎక్కువగా చిన్న పేగుల నుంచి రక్తంలోకి ఎక్కిన మద్యం ఊపిరితిత్తుల్లోకి చేరి, అక్కడి పల్చటి గోడల గుండా ఆవిరై ప్రతి ఊపిరితోనూ బయటికి వస్తుంది. 2,100 మిల్లీలీటర్ల లోతైన ఊపిరిలో ఎంత ఉంటే ఒక మిల్లీలీటరు రక్తంలో అంత ఉన్నట్టని ఆ పెట్టెల్లో సాధారణంగా వాడే లెక్క. "ఇంకా, ఇంకా" అని అతను నా ప్రాణం తోడింది ఆ అడుగు గాలి కోసమే. అటక మీద దొంగ ఉంటే వీధి తలుపుకు సెంటు పూసినట్టుంది మీ పని.

పైగా మీ ప్రత్యర్థికి ముక్కే లేదు! మనుషుల ముక్కుల మీద గెలిచి గెలిచి మీకు గర్వం పెరిగింది. ఈ పెట్టెలో ఉన్నది ప్లాటినం పలక. మద్యం ఆవిరి దాని మీద ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది, అప్పుడు పుట్టే కరెంటే అంకెగా కనిపిస్తుంది. పుదీనాను అది లెక్కలోకే తీసుకోదు. ఊపిరిలో మద్యం బయటికి వస్తుందని ఆన్‌స్టీ అనే ఆంగ్ల వైద్యుడు 1874 నాటికే రాసిపెట్టాడు. బోర్కెన్‌స్టైన్ అనే ఆయన 1954లో బ్రెత్‌లైజర్, అంటే ఊపిరిని బట్టి మద్యం కొలిచే యంత్రం, తయారు చేశాడు. ఇన్నేళ్ళలో మీరు సాధించిన ప్రగతి ఏమిటయ్యా అంటే, పంచదార లేని రకం.

ఇక కాఫీ, చన్నీళ్ళు, నిద్ర. వాటికి వేరుగా ఉత్తరాలు రాస్తాను. అసలు పని చాలావరకు చేసేది కాలేయమే. అది మా క్రేన్ లాంటిది: కింద నిలబడి ఎంత అరిచినా బరువును తన వేగంతోనే దించుతుంది. 100 మిల్లీలీటర్ల రక్తానికి గంటకు సుమారు 15 మిల్లీగ్రాములు. కొందరిలో 10, కొందరిలో 20 దాటి. కాఫీ తాగితే ఆ మనిషి మెలకువగా ఉన్న తాగుబోతు అవుతాడు, చన్నీళ్ళు పోసుకుంటే తడిసిన తాగుబోతు. వేగం మారదు. పైగా చివరి గ్లాసు రక్తంలోకి పూర్తిగా ఎక్కడానికే అరగంట నుంచి గంటన్నర పట్టవచ్చట. అంటే నేను "ఇక దిగిపోతుందిలే" అనుకుంటూ కళ్ళు మూసేసరికి అది ఇంకా పైకి ఎక్కుతూనే ఉందన్నమాట.

వెనక్కి లెక్క వేశాను. ఏడుంబావుకు 47 అంటే అర్ధరాత్రి దాటాక 150 చుట్టుపక్కల. సున్నాకు రావడానికి పది గంటలు. ఒక్క గ్లాసుతో లేచినవాడికి గంటా రెండు గంటల్లో తేలిపోయే లెక్క ఇది; మరీ మితిమీరినవాడికి మరునాటి మధ్యాహ్నం దాకా సాగుతుంది. ఎన్ని గంటలు ఉంటుందని అందరినీ అడిగాను గానీ, ఎన్ని గ్లాసులని నన్ను నేను అడుగుకోలేదు.

మా చోట క్రేన్ ఎక్కేవాడికి సున్నా తప్ప మరో అంకె పనికిరాదు. అది సరే. ఇంటి నుంచి గేటు దాకా అరగంట మోటారు సైకిల్ నడుపుకుంటూ వచ్చాను. బయలుదేరినప్పుడు ఆ అంకె 60 దగ్గర ఉండి ఉంటుంది. దారి పొడవునా ఎంత హాయిగా ఉన్నానో! ఈల వేసుకుంటూ వచ్చాను. బండి తాళాలు కాపలా అతనే తీసుకుని బల్ల సొరుగులో పడేశాడు. నేను మారు మాట్లాడలేదు.

బస్సులో ఇల్లు చేరాను. పక్క సీటు పెద్దాయన ఒకసారి గాలి పీల్చి, "బాగుంది బాబూ వాసన, ఇంకొకటి ఉంటే ఇస్తారా?" అని అడిగారు. ఇచ్చాను. మిమ్మల్ని నమ్మినవారిలో ఈ రోజు మేలు పొందింది ఆయన ఒక్కరే.

ఇప్పుడు పదిన్నర. లెక్క ప్రకారం ఇప్పుడిప్పుడే సున్నాకు చేరి ఉంటాను. ఒక రోజు కూలి పోయింది. బండి ఇంకా గేటు దగ్గరే ఉంది. మీ పొట్లంలో నలుగురు మిగిలారు. పారేయను, భోజనం తర్వాత వాడుకుంటాను.

ఇట్లు,
మీ మాజీ భక్తుడు