అమ్మమ్మ ఆస్తిలో నా వాటాకి

మహారాజశ్రీ కళ్ళకింది నల్లటి వలయాల వారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అందామంటే, మీ కుశలం అద్దంలో రోజూ కనిపిస్తూనే ఉంది. నా సంగతే చెప్పాలి.

మొన్న పెళ్ళిలో పిన్ని నా చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళింది. "ఏమ్మా, రాత్రిళ్ళు నిద్రపోవట్లేదా? మీ ఆయన బాగానే చూసుకుంటున్నాడా?" అంది. నేను పదింటికి పడుకుంటే ఆరింటికి గానీ లేవను. పాపం ఆయన అప్పటికి విస్తరి ముందు కూర్చుని పూర్ణాలు తింటున్నాడు.

మీకు చెయ్యని మర్యాద లేదు. కీరా ముక్కలు పెట్టాను. చల్లదనానికి కాస్త ఉబ్బు తగ్గింది, మీరు తగ్గలేదు. నిమ్మరసం రాస్తే భగ్గున మండి, నలుపుకి ఎరుపు తోడైంది. తర్వాత కెఫీన్ క్రీమ్. కాఫీ తాగితే నిద్ర పట్టదంటారు, నిద్ర లేకపోతే మీరొస్తారంటారు, చివరికి ఆ కాఫీ సరుకే తెచ్చి మీకు పూయమంటారు! రక్తనాళాలు కాసేపు ముడుచుకుంటాయట. నా విషయంలో ముడుచుకున్నది పర్సు.

ఆఖరికి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా చేతికి అద్దమిచ్చి, కంటి కింద చర్మాన్ని వేలితో మెల్లగా సాగదీసింది. గుంట నీడైతే పోతుందట, లోపలి రక్తనాళాల నీలమైతే ఇంకా తేలుతుందట, రంగే అయితే కదలదట. మీరు కదల్లేదు.

"మెలనిన్. అమ్మకి ఉన్నాయా?"

ఉన్నాయి. అమ్మమ్మకీ ఉన్నాయి. పెళ్ళి ఫోటోలో కాటుక కారిందని ఇన్నాళ్ళూ ఫోటోగ్రాఫర్‌ని తిట్టుకున్నాం. ఆవిడ పొలం మామయ్యకి వెళ్ళింది, గొలుసు పెద్దక్కకి వెళ్ళింది. రిజిస్ట్రేషన్ లేకుండా, తగువు లేకుండా నాకు దక్కింది మీరు.

తప్పంతా అమ్మమ్మ మీదికీ నెట్టలేను. దుమ్ము పడక కళ్ళు నలుపుకోవడం నా అలవాటు. అక్కడి చర్మం అర మిల్లీమీటరు మందం. నేను రుద్దిన రుద్దుడంతా మీకు ఎరువైందట. హిమోగ్లోబిన్ తొమ్మిదే ఉంది. మొహం పాలిపోతే మీరు ఇంకాస్త వెలిగిపోతారుగా! ఎలర్జీ మందు, ఐరన్ మాత్రలు, సన్‌స్క్రీన్, రాత్రికో క్రీమ్ రాసింది. లేజర్ సంగతి అడిగితే, "మన రంగు చర్మానికి జాగ్రత్తగా చెయ్యకపోతే ఇంకా నల్లబడుతుంది, తర్వాత చూద్దాం" అంది. ఎదురింటావిడ ఇచ్చిన ట్యూబ్ చూపించానో లేదో, లాక్కుని చెత్తబుట్టలో పడేసింది. స్టెరాయిడ్ అట. చర్మం ఇంకా పలచబడుతుంది, కంటికీ మంచిది కాదట.

"పూర్తిగా పోతాయా డాక్టరమ్మా?"

"తగ్గుతాయి."

నిన్న పొద్దున మందు రాసుకుంటుంటే మా తొమ్మిదేళ్ళ పిల్ల పక్కనొచ్చి నిలబడింది. నన్ను చూసి తనూ వేలితో కంటి కింద సాగదీసుకుంది.

"అమ్మా, నాది కూడా కదలట్లేదేంటి?"

ఇట్లు,
తమ ప్రస్తుత హక్కుదారు