పడవలు ఇంటికొచ్చే నెలలో మాట్లాడాలి: హెచ్‌ఐవీ నివారణలో మనం మరచిన క్యాలెండరు

ప్రపంచ ఎయిడ్స్ దినమైన డిసెంబరు 1 వచ్చిందంటే శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఎర్ర రిబ్బను గుండెకు పెట్టుకున్న విద్యార్థులు ప్లకార్డులతో రోడ్ల మీద నడుస్తారు, అధికారులు జెండా ఊపుతారు, మర్నాడు పత్రికల్లో ఫొటోలు వస్తాయి. సరిగ్గా అదే సమయానికి భావనపాడు మొదలుకొని చింతపల్లి దాకా ఉన్న మత్స్యకార గ్రామాల మగవారిలో ఎందరో గుజరాత్‌లోని వీరావల్ పడవల మీద ఉంటారు. ఉద్దానం నుంచి, రాజాం, చీపురుపల్లి పల్లెల నుంచి వెళ్ళిన కూలీలు హైదరాబాద్, చెన్నై నగరాల్లో కట్టుబడి పనుల్లో ఉంటారు. ఎవరితో మాట్లాడాలని ఈ కార్యక్రమమంతా పెట్టుకున్నామో వారిలో పెద్ద భాగం ఊళ్ళో లేని రోజునే మనం ఏడాదికంతటికీ గొంతెత్తి మాట్లాడుతున్నాం.

ర్యాలీలు వద్దని నేను అనడం లేదు. సమాచారం పంచడానికి అవి పనికొచ్చాయి. 2005లో ఉమ్మడి రాష్ట్రంలో హెచ్‌ఐవీ గురించి సాగిన ‘ఆశ’ అవగాహన ప్రచారం నాటి నుంచి ఈ జిల్లాల్లో హెచ్‌ఐవీ అన్న మాట వినని ఇల్లు ఉండదనే చెప్పవచ్చు. అయితే మనిషి నడవడిక అతనికి తెలిసినదాన్ని బట్టే నడవదు. నిరోధ్ వాడాలని తెలిసిన యువకుడికి ఊళ్ళో మందుల దుకాణం నడిపేది వరసకు బావ అయినప్పుడు, కొనుక్కోవడానికి పక్క మండలం దాకా పోవలసి వస్తుంది. వలస నుంచి తిరిగొచ్చిన భర్తను ఒకసారి పరీక్ష చేయించుకోమని అడగాలని భార్యకు తెలుసు, కానీ ఆ అడగడమే అతని శీలాన్ని శంకించడం అయిపోతుందన్న భయం ఆమె నోరు కట్టేస్తుంది. ఇద్దరినీ ఆపుతున్నది చుట్టూ ఉన్నవారు ‘ఏటనుకుంటారో’ అన్న ఒక్క మాటే కాబట్టి, ఆ చుట్టూ ఉన్నవారి మధ్యనే మాట మొదలు కావాలి.

ఈ దారి మన దేశంలో కొత్తదేమీ కాదు. కోల్‌కతాలోని సోనాగాచిలో 1992లో డాక్టర్ స్మరజిత్ జానా ప్రారంభించిన పనిలో, సెక్స్ వర్కర్లే తోటివారికి చెప్పేవారుగా బాధ్యత తీసుకున్నారు. బయటి నుంచి వచ్చిన వైద్యుడు నిరోధ్ వాడమంటే విని ఊరుకునే స్త్రీ, తన పక్క గదిలో ఉండేవారు చెప్పినప్పుడు ‘విటుడు ఒప్పుకోకపోతే ఏం చేయాలి’ అని ఎదురు ప్రశ్న వేయగలిగింది. అసలు పని మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గరే. అందరూ కలిసి పట్టుబడితే విటుడికి వేరే దారి ఉండదన్న జవాబు వారి మధ్యనే పుట్టింది, 1995 నాటికి అది వారి సొంత సంఘంగా నిలిచింది.

మన పడవల మీద ఆ స్థానం పడవకు పెద్ద అయిన తండేలుది. నెలల తరబడి ఒకే పడవ మీద వండుకొని తిని, ఒకే చోట పడుకునే మనుషుల మధ్య రహస్యం దాగదు. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్న పడవ కళాసి వాటిని అందరి ఎదుట వేసుకోలేక మానేశాడంటే ఆ తప్పు అతనిది అనలేం. తండేలు ముందుగా విషయం తెలిసినవాడై, ‘మందేసుకున్నావా’ అని బీపీ మాత్ర గురించి అడిగినంత మామూలుగా అడగగలిగితే, ఆ పడవ మీద వాతావరణమే వేరుగా ఉంటుంది. ఏఆర్‌టీ కేంద్రంలో ముందుగా చెబితే పనిచేసే ప్రాంతంలోని కేంద్రానికి పేరు బదిలీ చేస్తారన్న సంగతి కూడా కరపత్రం కన్నా అతని నోట వింటేనే నమ్మకం కలుగుతుంది.

మన ప్రచారం చేసిన ఒక హాని గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. మొదటి రోజుల్లో గోడల మీద పుర్రె బొమ్మలు వేశారు, ఎయిడ్స్ అంటే మరణమని రాశారు. మందులు అందుబాటులో లేని కాలంలో భయపెట్టైనా కాపాడాలనుకున్నారు, ఆ ఉద్దేశాన్ని తప్పు పట్టలేం. తరువాత వైద్యం మారిపోయింది. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా మందులు ఇస్తోంది, 2017 నుంచి రోగనిరోధక శక్తిని చూపే సీడీ4 కణాల సంఖ్యతో పని లేకుండా హెచ్‌ఐవీ ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ చికిత్స మొదలుపెడుతున్నారు. ముందుగా చికిత్స మొదలుపెడితే భాగస్వామికి వైరస్ సోకే ముప్పు 96 శాతం తగ్గుతుందని 2011లోనే ఒక పెద్ద అధ్యయనం చూపింది. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలిచి ఉన్న మనిషి నుంచి లైంగికంగా అది సోకదని నేడు వైద్య ప్రపంచం ఒప్పుకుంటోంది. గోడ మీది పుర్రె చెరిగిపోయింది గాని మనసుల్లోది చెరగలేదు. అప్పుడు భయాన్ని ఎంత పట్టుదలతో పంచామో, ఇప్పుడు ఈ మంచి కబురును అంత పట్టుదలతో పంచడం లేదు.

రణస్థలం వైపు, హెచ్‌ఐవీతో ఉన్న ఒకావిడ ఇంట్లో నేను చూసిన మందుల సీసా నాకు తరచూ గుర్తొస్తుంది. దాని మీది కాగితాన్ని గోటితో గీకి తీసేశారు, మూత విప్పితే మాత్రల మీద దూది కూరి ఉంది. బస్సులో సంచీ కదిలినప్పుడల్లా మాత్రలు గలగలమంటున్నాయని, పక్కన కూర్చున్నవారు ఏ మందులని అడుగుతారేమోనని ఆవిడ అలా చేస్తారట. దగ్గరలో కేంద్రం ఉన్నా, తెలిసినవారు ఎదురుపడతారని విశాఖ దాకా పోయి తెచ్చుకుంటారు. భర్త నుంచి సోకిన వ్యాధికి, కోడలు అడుగుపెట్టాకే వచ్చిందన్న నింద కూడా ఆవిడే మోశారు. నెల నెలా ఆ దూది కూరుకునే చేతులకు మందుల గురించి మనం కొత్తగా చెప్పేదేమీ లేదు. చెప్పవలసింది ఆ బస్సులో పక్క సీటువారికి, ఆవిడ అత్తగారికి, సంఘం సమావేశంలో పక్కన చాప మీద కూర్చునే ఆడవాళ్ళకు. గర్భిణికి చికిత్స అందకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం వరకు ఉంటుందని, అందితే 5 శాతం లోపుకు దిగుతుందని డ్వాక్రా సంఘంలోని తోటి సభ్యురాలే చెప్పినప్పుడు, అది కోడలి శీలం గురించిన చర్చ కాకుండా మనవడి ఆరోగ్యం గురించిన మాట అవుతుంది.

జముకుల కథ, తప్పెటగుళ్ళు వంటి మన కళలను ప్రచారానికి వాడడం మంచిదే. జనం చేరతారు, శ్రద్ధగా వింటారు. కానీ ఆట నడుమ లేచి ఎవరూ తన సందేహం అడగలేరు. ఆట అయ్యాక ఆ ఊరివారే అయిన ఒకరిద్దరు మరో వారం పాటు అందుబాటులో ఉండి, విడిగా వచ్చి అడిగేవారికి జవాబు చెప్పకపోతే పెట్టిన ఖర్చు వినోదానికే సరి. అలా చెప్పే తోటి కార్యకర్తలకు మనం ఇచ్చేది అరకొర గౌరవ వేతనం, అడిగేది ఎన్ని సమావేశాలు పెట్టారు, ఎన్ని నిరోధ్‌లు పంచారు అన్న లెక్క. మానేసిన మందులు మళ్ళీ మొదలుపెట్టినవారు ఎందరు, పరీక్షకు జంటగా వచ్చినవారు ఎందరు అని అడిగితే ఆ కార్యకర్త పని తీరే మారుతుంది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఒకరి స్థితిని వారి అనుమతి లేకుండా బయటపెట్టడం, ఆ కారణంతో ఉద్యోగం గాని, అద్దె ఇల్లు గాని, వైద్యం గాని నిరాకరించడం నేరుగా చట్టవిరుద్ధం. ఈ సంగతి కూడా ఆ కార్యకర్త నోటి నుంచే ఊరికి చేరాలి.

కాబట్టి జిల్లా యంత్రాంగాలు ముందుగా వలస క్యాలెండరును చేతిలోకి తీసుకోవాలి. వీరావల్ వెళ్ళినవారు వేసవి చివర తిరిగొచ్చి, ఆగస్టు వేట కోసం మళ్ళీ బయలుదేరే లోపు తీర గ్రామాల్లో తండేళ్ళతో కూర్చోవాలి. కట్టుబడి కూలీలు సంక్రాంతికి వస్తారు, కనుమ దాటిన కొద్ది రోజులకే పలాస, విజయనగరం స్టేషన్లలో మళ్ళీ రైలెక్కుతారు. ఆ పండుగ రోజుల్లో పరీక్ష కేంద్రం సాయంత్రం ఆరు తరువాత కూడా తెరిచి ఉండాలి, భార్యాభర్తలు కలిసి కూర్చోవడానికి అక్కడ తలుపు వేసుకోగలిగిన ఒక గది ఉండాలి.